మేక మెచ్చిన టోపీ

వేలూరు కోట మీదికి ఎక్కే ముందర సూర్యుడు మా అవ్వ సెల్లమ్మని అడిగి ఎక్కుతాడు. "ఏమ్మా, ఈపొద్దు ఎంత కాయమంటావు?" అని చేతులు కట్టుకుని నిలబడతాడు. అవ్వ తలెత్తకుండా, అల్లిక ఆపకుండా, "మెల్లగా కాయిపో" అంటుంది. నమ్మకపోతే వేలూరు పక్కన మా బాగాయంలో ఎవరినైనా అడగండి. వాళ్ళూ నమ్మరు. అయినా అడగండి.

అవ్వకి అల్లిక పిచ్చి పడుచు వయసులో పట్టింది. ఒక హాస్టలు కడుతుంటే అక్కడ సిమెంటు గంపలు మోసేది. అన్నం వేళ ఒక టీచరమ్మ అరుగు మీద కూర్చుని కొక్కీ సూదితో లేసు అల్లుతుంటే, ఎదురుగా నిలబడి చూసి చూసి నేర్చేసుకుంది. సూది కొనలేదు. సైకిలు చక్రం పుల్ల ఒకటి తెచ్చి, తాత చేత కొస వంచి అరగదీయించింది. ఇక ఇంట్లో కదలకుండా కూర్చున్న ప్రతి వస్తువుకీ చొక్కా తొడిగింది. రేడియోకి గౌను, నీళ్ళ బిందెకి పావడా, గడియారానికి జాలరు. చొక్కా తొడిగించుకోకుండా తప్పించుకున్నది అంకప్ప తాత నెత్తి ఒక్కటే.

తాత మేస్త్రీ. గోడకి తాపీ ఆనించాడంటే తూకం గుండు సిగ్గుపడి పక్కకి పోవాలి. డాబాల మీద డిష్షులు మొలుస్తున్న కాలం అది, తొంభై నాలుగో ఐదో. బాగాయంలో ఎటు చూసినా మేడలు లేస్తున్నాయి, తాతకి చేతినిండా పని. అలాంటప్పుడు కత్తిరి ఎండలు వచ్చాయి. మే నెలలో కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే రోజులు. ఒక మధ్యాహ్నం సవుకు కొయ్యలతో కట్టిన సారం, అదే పరంజా, దాని మీద నిలబడి పిట్టగోడ పూస్తుంటే తాతకి కళ్ళు తిరిగాయి. పక్కనున్నవాడు నడుం పట్టుకోబట్టి సరిపోయింది.

కాంట్రాక్టరు బాలచంద్రన్ మంచివాడే, కానీ మొండివాడు. "తాతా, రేపట్నించి నెత్తిన ఏమన్నా ఉంటేనే సారం ఎక్కాల. లేదా కింద కూర్చుని ఇసక జల్లించు" అన్నాడు.

ఇసక జల్లించడం! నలభై ఏళ్ళు గోడలు లేపినవాడిని జల్లెడ పట్టుకోమన్నారు. తాత ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"తలగుడ్డ చుట్టుకోరాదా?" అంది అవ్వ.

"చుట్టుకున్నాను గదా. చెమట తుడుచుకునేకి తీస్తాను, భుజాన ఏసుకుంటాను, మరిచిపోతాను. పైకి చూస్తే అదే జారి సున్నంలో పడతాది."

అవ్వకి రెండు భయాలు పట్టుకున్నాయి. తాత మళ్ళీ సారం ఎక్కి పడిపోతాడేమోనని ఒకటి. ఎక్కకుండా ఇంట్లో కూర్చుని తన వంటలో ఉప్పు చూస్తాడేమోనని ఇంకొకటి. ఏది పెద్దదో అవ్వ ఇప్పటికీ చెప్పదు.

మరునాడు వేలూరు బజారుకి పోయింది. ఫ్యాన్సీ అంగట్లో అప్పుడే కొత్తగా వచ్చిన ఉలన్ దారం ఉండలు, చిలకపచ్చ, గులాబీ, నిగనిగలాడుతున్నాయి. "రంగు పోదు, ముడత పడదు, ఫారిన్ సరుకమ్మా" అన్నాడు అంగడివాడు. ఫారిన్ అంటే ఎక్కడ అని అవ్వ అడగలేదు. తెచ్చి, గుండ్రంగా, గట్టిగా, ఒక్క సందు లేకుండా టోపీ అల్లి తాత నెత్తిన దిగ్గొట్టింది.

పని దగ్గర అందరూ చుట్టూ చేరారు. "అంకప్పన్నా, బాగాయంలో మంచు పడతాందా?" అన్నాడొకడు. "పచ్చగా ఉండాడు, కాయ ఎప్పుడు కాస్తాడో!" అన్నాడు ఇంకొకడు. తాత అవన్నీ ఓర్చుకున్నాడు. ఎండ ముదిరేసరికి మాత్రం టోపీ ఊడబీకి, ఆ పొద్దంతా ఇసక జల్లించి, సాయంత్రం దాన్ని అవ్వ ఒళ్ళో పడేశాడు.

"నెత్తిన ఇడ్లీ పాత్ర పెట్టినావు గదమ్మే! చెమట లోపలికీ పోదు, బయటికీ రాదు. దీన్ని ఊటీకి పంపించు."

అవ్వకి రోషం వచ్చింది. ఇంట్లో ఉన్న దారాలన్నీ తీసి, ఒక్కొక్కటీ మెడ చుట్టూ కట్టుకుని, మండే పొయ్యి ముందర కూర్చుంది. ఉలన్ చీమలు పాకినట్టు చిరచిరలాడింది. నైలాను కోసింది. గోనె పురి గీరింది. చూసిన వాళ్ళు ఈమెకేదో గాలి సోకిందనుకున్నారు. చెమటకి తట్టుకోలేక, దండెం మీది తాత పాత లుంగీ లాగి మెడ తుడుచుకుంది. తుడుచుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎంత హాయిగా ఉంది! ఆ లుంగీ గుడియాత్తం మగ్గం మీద నేసిన నూలుది.

గుడియాత్తంలో వళ్ళి ఉంది. ఒకప్పుడు అవ్వతో కలిసి గంపలు మోసినది, ఇప్పుడు మగ్గాల కొట్టంలో నూలు చుడుతుంది. అవ్వ బస్సెక్కి పోయి ఆమె ముందర కూర్చుంది.

"రంగు నూలు వద్దే. చెమటకి రంగు దిగితే మీ బావ హోలీ ఆడినట్టుంటాడు. తెల్లది ఇయ్యి."

"పడుగులో మిగిలిన తెల్ల నూలు ఉండాది, తీసుకో అక్కా. సన్నం గదా, నాలుగు పోగులు కలిపి పురి పెట్టుకో. కానీ ఒకటి, దీనికి గంజి..."

"గంజి సంగతి నాకు చెప్పేదేముండాదే? నువ్వు పుట్టకముందే నేను గంజి వార్చినాను."

"అది కాదక్కా, అల్లే ముందర..."

"బస్సు పోతాది, వస్తా!"

పడుగు నూలుకి మగ్గం మీద తెగకుండా గంజి పట్టిస్తారు. అల్లే ముందు నీళ్ళలో ఉడకబెట్టి ఆ గంజి వదిలించాలి. వళ్ళి చెప్పబోయింది అదే. అవ్వ వినలేదు. పైగా నూలు బిర్రుగా ఉంటే సూదికి ముద్దుగా అందుతోందని మురిసిపోయింది. ఈసారి తెలివిగా సందులు వదిలి, వలలాగా, గాలి ఆడేట్టు అల్లింది. టోపీ కింద పెడితే చట్టిలాగా నిటారుగా నిలబడింది. వీధిలో పదిమందికి చూపించి వచ్చింది.

తాత పెట్టుకుని పోయాడు. మధ్యాహ్నం అవ్వకి కాలు నిలవక, అన్నం క్యారియరు సాకుతో వెనకే పోయింది. సారం మీద తాత, తాత మీద టోపీ, చూస్తే కడుపు నిండింది. కానీ కిందికి దిగిన తాత నుదురంతా జిగటజిగటగా, చుట్టూ ఈగలు.

"చల్లగానే ఉండాది. గాలి బాగా ఆడతాది. కానీ అంటుకుంటా ఉండాదే!" అని టోపీ తీసి కొయ్యకి తగిలించి చేతులు కడుక్కోబోయాడు.

ఆ పక్కనే మారియమ్మ రాగి అంబలి అమ్ముతుంది. ఆమె మేకకి అంబలి కుండ కడిగిన నీళ్ళంటే ప్రాణం. చెమటకి తడిసిన గంజి వాసన దానికి ఎంత దూరం కొట్టిందో ఏమో, తాత వెనక్కి తిరిగేసరికి సగం టోపీ దాని నోట్లో ఉంది.

"నా టోపీ! ఒసే, నా టోపీ!" అని తాత తాపీ ఎత్తుకుని పరుగు. ఇసక కుప్ప మీదుగా మేక, మేక వెనక తాత, తాత వెనక మారియమ్మ. "కొట్టొద్దప్పా! గంజి వాసన వస్తే మేకేం చేస్తాది? ఆకలైతే నేనే తినేదాన్ని!" అని అరుస్తోంది. బాలచంద్రన్ నవ్వు ఆపుకోలేక సిమెంటు మూటల మీద కూలబడ్డాడు.

అందరూ నవ్వుతుంటే అవ్వ మాత్రం నిలబడిపోయింది. తాత "టోపీ" అనలేదు, "నా టోపీ" అన్నాడు. పెళ్ళైన నాటి నించీ ఆమె అల్లినదాన్ని ఆయన నాది అన్నది అదే మొదలు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకేనట. నన్ను నమ్మమంటుంది.

ఆ సాయంత్రం పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద మిగిలిన నూలు ఉడికింది. కట్టె పెట్టి కలిపింది తాతే. "ఇంకా వాసన వస్తా ఉండాది, ఇంకోసారి ఉడకనీ. ఆ మేక ముక్కు నీకు తెలీదు" అంటూ ఉడికించి, ఉతికించి, తన లుంగీ పక్కనే ఆరేశాడు. ఆరిన నూలు పిల్లల బుగ్గలా మెత్తబడింది.

కొత్త టోపీ పెట్టుకుని తాత మొదట మేక ముందర నిలబడ్డాడు. అది వాసన చూసి, మొహం తిప్పుకుని పోయింది. అప్పుడుగానీ సారం ఎక్కలేదు. ఎక్కి, ఆ కత్తిరంతా దిగకుండా పిట్టగోడ ముగించాడు. ఇసక జల్లెడ వేరేవాళ్ళ చేతికి పోయింది. తరవాత మిగతా మేస్త్రీలు కూడా మా ఇంటికి నెత్తులు కొలిపించుకోవడానికి వచ్చారు. మారియమ్మకీ ఒకటి అల్లింది అవ్వ, అంబలి కుండ మీదికి.

ఇదంతా రాసి, అవ్వకి తెలుగు చదవడం రాదు గనక, మొదటి నించీ చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తా విన్నది. మేక దగ్గర నవ్వింది, "నా టోపీ" దగ్గర గింజలు చూసుకుంది. అంతా అయ్యాక తలెత్తింది.

"సూర్యుడు నా మాట వినేవాడే అయ్యుంటే ఆ కత్తిరిలో టోపీ ఎందుకురా అల్లుతాను, దున్నపోతా? ఈపొద్దు రావద్దురా నాయనా అని చెప్పి, కాళ్ళు చాపుకుని పడుకునుండనా?"