ఎల్లారెడ్డి ట్రయలు

పాడైన బండిని చూస్తే పర్శరాములుకు ఏమీ అనిపించేది కాదు. బాగా నడుస్తున్న బండిని చూస్తేనే చేతులు ఊరుకునేవి కావు. "ఇంత మంచిగ నడుస్తున్నదంటె, ఇంకింత మంచిగ నడవనీకి జాగ ఉన్నట్టే గదా" అనేవాడు. ఆ జాగ కోసం కామారెడ్డిలోని తన ఇంటి వసారాలో పాత టూ స్ట్రోక్ స్కూటరును ఎన్నిసార్లు విప్పాడో ఆయన బామ్మర్ది నగేశ్ ఒకసారి లెక్కపెట్టబోయి, అరవై దగ్గర విసుగొచ్చి మానేశాడు. పర్శరాములు పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ వీధిలో ఏదైనా స్కూటరు సాఫీగా పోతుంటే, ఎవరో దాన్ని ఆపి విప్పుతారేమోనని నగేశ్ ఒక్క క్షణం ఆగి చూస్తాడు.

ముప్పై ఏళ్లు మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకు దగ్గర మోటార్లు నడిపిన మనిషి పర్శరాములు. చెవి మోటార్లకే అలవాటుపడింది. మనుషులు చెప్పేది సగం వినేవాడు, ఇంజను చెప్పేది మొత్తం వినేవాడు. సదాశివనగర్‌లో ఒక పెళ్లికి పోయి విస్తరి ముందు కూర్చున్నాడు. బయట ఎవరిదో స్కూటరు ఆగింది. ముద్ద నోట్లో పెట్టుకోబోయినవాడు చెవి అటు పెట్టి, లేచి వెళ్లిపోయాడు. మూడో బంతి లేచే సమయానికి నగేశ్ వెతుక్కుంటూ వెళితే, పెళ్లికొడుకు మేనమామ స్కూటరు ఇంజను పందిరి పక్కన ఇస్తరాకు మీద వడ్డించి ఉంది. అన్నం ఉండాల్సిన చోట పిస్టను, పచ్చడి ఉండాల్సిన చోట రింగులు.

"బాగనే నడుస్తుండె గదనే" అన్నాడు మేనమామ ఏడుపు మొహంతో.

"అదే గద నా బాధ" అన్నాడు పర్శరాములు.

ఇంట్లో ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ వంట సామానుకు, ఆయన పని సామానుకు మధ్య సరిహద్దు చాలా ఏళ్ల కిందటే చెరిగిపోయింది. చాయ గిన్నెలో కార్బొరేటరు ఉడికేది. పాత టూత్‌బ్రష్షులతో ఆయన ప్లగ్గు తోమేవాడు. ఒక్కోసారి అవి పాతవి కావు.

"ఏ గిన్నె పెట్రోలు వాసన రాదో సూపెట్టు, అండ్ల వండుత" అనేది ఆమె.

"ఆయిల్ కలిపిన పెట్రోలు అది. వాసన వేరే ఉంటది" అని సరిదిద్దేవాడాయన.

వారమంతా విప్పి బిగించిన బండిని ఆదివారం ఎల్లారెడ్డి దాకా నడిపి చూడాలి. దానికి ట్రయలు అని పేరు. ట్రయలుకు బరువు కావాలి. విత్తనాల దుకాణంలో గుమాస్తాగా కూర్చుని కూర్చుని నగేశ్ తొంభై రెండు కిలోలకు వచ్చాడు. "నువ్వు నాకు బామ్మర్దివి గాదు, లోడువి" అని బావ వెనక ఎక్కించుకునేవాడు. పోయేటప్పుడు తాడ్వాయి మీదుగా, లింగంపేట మీదుగా బండి పాట పాడుకుంటూ పోయేది. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర హోటల్లో బామ్మర్దిని దింపి, ముందు మిర్చీల ప్లేటు పెట్టించి, "ఇంజను జర సల్లవడాలె, ఇప్పుడే వస్త" అని పర్శరాములు అదే బండి మీద వెళ్లిపోయేవాడు. ఇంజను చల్లబడటానికి దాన్ని నడుపుకుంటూ పోవడమేమిటని నగేశ్‌కు రెండేళ్లపాటు తట్టలేదు. మిర్చీలు బాగుండేవి.

గంటన్నరకు నల్లటి చేతులతో వచ్చేవాడు. తిరుగు దారిలో బండి దగ్గేది. ప్రతి ఎత్తు దగ్గరా నగేశ్ దిగి నడవాల్సిందే.

"పోయేటప్పుడు మంచిగ గుంజింది గద బావా?"

"పోయేటప్పుడు నీ కడుపుల మిర్చీలు లేవు."

సోమవారం నుంచి మళ్లీ విప్పడం. ఎల్లారెడ్డి నీళ్లు ఆ బండికి పడవని లక్ష్మీనర్సమ్మ తీర్మానించింది.

అలా నడుస్తుండగా బండికి రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. కామారెడ్డి రవాణా ఆఫీసులో తనిఖీ చేసి పాస్ చేస్తేనే ఆ గడువు తర్వాత రోడ్డెక్కాలి. లక్ష్మీనర్సమ్మకు ఇన్నాళ్లకు అవకాశం దొరికింది.

"పాసైతె బతికినన్ని దినాలు ఇప్పుకో, నేను నోరు తెరువ. ఫెయిలైతె ఆ పొద్దే ఇనుప సామానోనికి ఇచ్చుడే. ఒప్పుకుంటవా?"

పర్శరాములు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని బిచ్కుంద వెళ్లాడు. ఆ బండి పిస్టన్లు ఇప్పుడు ఎక్కడా దొరకవు. అక్కడ మూతపడిన దుకాణం ఒకదాని యజమాని సగం కన్నడంలో, సగం మరాఠీలో గంటసేపు బేరమాడి, అటక మీద నుంచి సిలిండరు, పిస్టను జత ఒకటి దించి ఇచ్చాడు. అదే ఆఖరుది. దాన్ని బండికి బిగించాక, కొత్త పిస్టను అరిగి దారికి రావాలని ఐదువందల కిలోమీటర్లు ముప్పై దాటకుండా నడిపాడు. పాలవాళ్ల సైకిళ్లు దాటిపోతుంటే వెనక కూర్చున్న నగేశ్ మొహానికి దస్తీ కట్టుకున్నాడు.

తనిఖీ సోమవారం. శనివారం సాయంత్రానికి బండి ఎలా తయారైందంటే, లక్ష్మీనర్సమ్మ వసారాలోకి వచ్చి, "ఇంకెప్పుడు స్టార్ట్ జేస్తవు?" అని అడిగింది.

"చేసి పావుగంటాయె" అన్నాడాయన.

ఆమె వంగి విన్నది. తర్వాత తమ్ముణ్ని పక్కకు పిలిచింది. "తమ్మీ, సోమవారం దాక ఈన చేతుల పాన కనవడొద్దు. కనవడ్డదంటె నీదే పూచీ."

ఆదివారం పొద్దున పర్శరాములు ఆఖరి ట్రయలన్నాడు. నగేశ్ పనిముట్ల సంచి తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎల్లారెడ్డి బస్టాండు వచ్చింది.

"దిగు."

"దిగ."

"మిర్చీలు ఇప్పుడే ఏస్తున్నరు రా."

నగేశ్ ఒకసారి మూకుడు వైపు చూశాడు. "ఏయనీ" అన్నాడు. జీవితంలో అంత కష్టమైన మాట అతను మరోసారి అనలేదు.

పర్శరాములు బండిని ఒక సందులోకి తిప్పాడు. చివరి ఇంటి ముందు అచ్చం అలాంటి స్కూటరే ఉంది. దానికి వెనక ఇటొకటి అటొకటి అదనపు చక్రాలున్నాయి. ముప్పై అయిదేళ్ల ఆడమనిషి కర్ర పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. పేరు పద్మలత. చుట్టుపట్ల నాలుగూళ్లలో ముసలవ్వలు చుట్టిన బీడీలను రోజూ ఇంటింటికీ పోయి తీసుకుని కార్ఖానాలో అప్పజెప్పడం ఆమె పని.

"కాకా, ఇయ్యాల ఏం ఇప్పుతవు?" అంది ఓపిగ్గా.

"రేపు నీ బండికి గుడ తనిఖీ ఉన్నది గద బిడ్డా. ఒక ముక్క పెట్టి సూద్దమని వచ్చిన."

ఆ ముక్క బిచ్కుంద పిస్టనేనని నగేశ్‌కు అర్థమైంది. పద్మలత చాయ పెట్టడానికి లోపలికి పోగానే సంచిని గుండెకు హత్తుకున్నాడు.

"బావా, అక్క నన్ను పంపిందే దీనికి. రేపు మనది ఫెయిలైతది."

"అయితె నేను బండి ఇప్పుకునుడు ఆగుతది. గామెది ఫెయిలైతె నాలుగూళ్ల బీడీలు ఆగుతయి" అన్నాడు పర్శరాములు, వాతావరణం గురించి చెప్పినట్టు. "పద్నాలుగు నంబరు పాన తియ్యి."

నగేశ్ సంచిని గుండె మీంచి దించాడు. తర్వాత సంచి తెరిచి పద్నాలుగు నంబరు పాన తీసి ఇచ్చాడు.

బావ రెండు ఇంజన్లు విప్పుతుండగా పద్మలత నగేశ్‌కు చాయ తెచ్చి ఇచ్చి, గొంతు తగ్గించింది. "మీ బావ మంచోడే అన్నా. పనే రాదు, పాపం."

చాయ నగేశ్ ముక్కులోకి పోయింది.

"రెండేండ్ల కింద లింగంపేట కాడ నా బండి ఆగింది. ఈయన దిగిండు. 'నేను ఇంజను పని నేర్సుకుంటున్న బిడ్డా, మా ఇంట్ల ముట్టనిస్తలేరు, నీ బండి మీద నేర్సుకోనీ' అన్నడు. గంత పెద్దమనిషి అడిగితె కాదంటమా? పైసలియ్యవోతె, నేర్సుకునేటోనికి ఎవరన్న పైసలిస్తరా అన్నడు. గదీ నిజమే గదా."

"మరి బండి ఎట్ల నడుస్తున్నదమ్మా?"

"ఫస్టు నడుస్తది. నాది గట్టి బండి అన్నా. ఆయన ఏం జేసినా తట్టుకుంటది" అంది గర్వంగా. "ఆయన బండి సూడు, ఎన్నడన్న సక్కగున్నదా? గందుకే ఏమనను. నేర్సుకోనీ."

తిరుగు దారిలో నగేశ్ ఎత్తులన్నీ నడిచాడు. మిర్చీలు తినలేదు కాబట్టి అనడానికి బావకు ఏమీ దొరకలేదు.

సోమవారం లక్ష్మీనర్సమ్మ కొత్త చీర కట్టుకుని మరీ వచ్చింది. వరుసలో పద్మలత బండి ముందుంది. పొగ చూసే మనిషి సైలెన్సరులో గొట్టం పెట్టి, కాసేపాగి, "అమ్మా, స్టార్ట్ జేయుండ్రి" అన్నాడు.

"నడుస్తనే ఉన్నది సారూ" అంది పద్మలత.

లక్ష్మీనర్సమ్మ తల అటు తిప్పింది. పద్మలత బండి పాసైంది.

పర్శరాములు తన బండికి ఎనిమిది కిక్కులు కొట్టాడు. తొమ్మిదో దానికి లేచిన పొగలో ముందు గొట్టం, తర్వాత అది పట్టుకున్న మనిషి, ఆపైన వరుసలో సగం మంది కనబడకుండా పోయారు. పొగలోంచి దగ్గు వినబడింది. ఆ దగ్గు మధ్యలోంచే ఫెయిలన్న మాట వినబడింది.

పద్మలత కర్ర తాటించుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. అందరి ముందూ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"మనసు కష్టపెట్టుకోకు కాకా. పని అందరికీ ఒక్కతీరుగ రాదు. నా బండి ఉన్నది గదా, నిమ్మళంగ నేర్సుకో. నాకేం తొందర లేదు."

"సరే బిడ్డా" అన్నాడు పర్శరాములు తల వంచుకుని. నగేశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని పద్మలత అతన్ని కూడా ఓదార్చింది.

లక్ష్మీనర్సమ్మ ఇద్దరి బండ్లనూ చూసింది. మొగుడి గోళ్లలోని నలుపును చూసింది. తమ్ముణ్ని ఏమీ అడగలేదు. "అన్నం తిన్నవా బిడ్డా?" అని మాత్రం పద్మలతను అడిగింది.

మాట మాటే. ఆ సాయంత్రం ఇనుప సామాను అతను వచ్చి బండిని తోసుకుపోయాడు.

తర్వాతి ఆదివారం నగేశ్ అక్క ఇంటికి వెళ్లేసరికి పర్శరాములు సంచి భుజానికి తగిలించుకుని, బస్సు కోసం బయల్దేరుతున్నాడు.

"బండి పాయె గద బావా. ఇగ యాడికి?"

"ఎల్లారెడ్డికి. ఆమె నేర్పుతనన్నది గదా."

లోపలి నుంచి లక్ష్మీనర్సమ్మ ఒక స్టీలు డబ్బా తెచ్చి, పానల మధ్యలో జాగ చేసి సర్దింది.

"సకినాలు. ఆ పిల్లకియ్యి" అంది. "సదువు సెప్పేటోల్ల కాడికి ఉత్త చేతులతోని పోతరా?"