ఓడ ఆగుతదా, బిడ్డా?

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సులో మా ఆయనతో ఫోన్లో గొడవపడుతున్నాను. సెలవుల్లో మేం ఎక్కబోయే విహార ఓడ శ్రీలంకలో ఆగినప్పుడు ఓడవాళ్ల టూరు వద్దట, సొంతంగా ఆటో మాట్లాడుకుని ఊరు చూసొద్దామట.

పక్క సీటు పెద్దామె అంతా విన్నది. "మీరు జర ఆలస్యమైతే ఓడ ఆగుతదా, బిడ్డా?"

"ఆగదమ్మా."

హుజూర్‌నగర్‌లో నీళ్ల సీసాకు దిగాను. తిరిగి చూసేసరికి డ్రైవర్ ఆపకుండా హారన్ కొడుతున్నాడు. ఆమె మాత్రం ఒక కాలు బస్సు మెట్టు మీద, ఇంకొకటి నేల మీద పెట్టి నిలబడింది. "పిల్ల రావాలె. నన్ను ఈడ్సుకపోతవా?" అని అరుస్తోంది.

శ్రీలంకలో చివరికి ఆటోలోనే తిరిగాం. రేవులో ఫొటోలంటూ మా ఆయన వెనకబడ్డాడు. మెట్లు తీసేస్తాం, లోపలికి రమ్మని ఓడవాళ్లు తొందరపెట్టారు. ఆయన ఇంకా కనబడలేదు.

నేను ఒక కాలు నేల మీదే ఉంచాను.