సాలు తెగకుండా

ఆళ్లగడ్డ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు మమ్మల్ని నలుగురేసి జట్లుగా చేసి, ఒక్కో జట్టు ఏదైనా ఒక పని గురించి ఇంగ్లీషులో చెప్పాలన్నారు. మా పల్లె యాసకు నవ్వే నంద్యాల టౌను పిల్లలు రైలు ప్రయాణం ఎంచుకుని, ఎవడి ముక్క వాడు బట్టీ పట్టారు. ఒకడు ఆగిపోతే మిగతా ముగ్గురూ గుడ్లు మిటకరించారు.

మేం శిరివెళ్ల రైతుబిడ్డలం. విత్తనాలు వేయడం గురించి చెప్పాం. గొర్రు వెనక విత్తేవాళ్ల చెయ్యి అలిసిపోతే పక్కవాళ్లు అందుకోవాలి, సాలు మధ్యలో తెగకూడదని మా నాయన నియమం. అందుకే నలుగురమూ మొత్తం నేర్చుకున్నాం. నేను మూడో వాక్యంలోనే తడబడ్డాను. పక్కవాడు అందుకున్నాడు. చివరిదాకా ఎక్కడా ఆగలేదు. ఈసారి నంద్యాల పిల్లలు నవ్వలేదు.

"ఇట్ల ఎవరు నేర్పించినార్రా మీకు?" అన్నారు మాస్టారు.

"మా నాయన, సార్."

మా నాయన బతికినంత కాలం వేలిముద్రే వేశాడు.