లోపలివైపు కట్టిన డయల్

గేజీల దగ్గర నేను మొండికేశాను. ఒప్పుకుంటున్నాను.

నాకు డైవింగ్ నేర్పిస్తున్నది ఒక కివీ ఆవిడ, అంటే ఈ న్యూజిలాండ్ మనిషే. ఒకప్పుడు స్కూల్ బస్సు నడిపేది, ఇప్పుడు రిటైరయింది. ఆవిడతో కలిసి లోతుకు దిగే స్నేహితురాలు ఆస్ట్రేలియా వెళ్ళిపోవడంతో ఇంకో తోడు కావలసి వచ్చింది. నేను పనికొస్తే వేసవిలో ఇద్దరం సముద్రంలో దిగుతాం, లేకపోతే వేరేవాళ్ళని వెతుక్కుంటుంది. ఎలాగైనా ఆ తోడు నేనే కావాలి. పామర్‌స్టన్ నార్త్‌లో నా ల్యాబ్ డ్యూటీ శుక్రవారంతో అయిపోతే, మళ్ళీ సోమవారం దాకా నాతో మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కతే. మా ఆయనా నేనూ విడిపోయి మూడేళ్ళయింది. ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళ్తే కాఫీ ఇచ్చేలోపే ఆంటీలు ఆ ఊసు ఎత్తుతారు. "కాస్త అడ్జస్ట్ అవ్వాల్సిందమ్మా!" అంటారు. వెళ్ళడం మానేశాను.

శనివారాలు మా ఊరికి మూడు గంటల దూరంలో ఉన్న టౌపో సరస్సులో ప్రాక్టీసు. నేను ముచ్చటపడి కొనుక్కున్న సెట్‌లో గాలి, లోతు, దిక్కు చూపించే గేజీలు మూడూ ఒకే దిమ్మలో ఉంటాయి. నడుము కింద తాళాల గుత్తిలా వేలాడుతుంది. ఆవిడ మొదటి రోజే దాన్ని విప్పించేసింది.

"ఇది అడుగున బురద లేపుతుంది, తాళ్ళకి చిక్కుకుంటుంది. అక్కర్లేనిది ఒక్కటి కూడా కిందికి రాకూడదు."

గాలి గేజీ చిన్నది, పొట్టి గొట్టంతో ఎడమ తుంటి దగ్గర రింగుకు తగిలించి ఉండాలి. ఎడమచేత్తో తీసి, చూసి, మళ్ళీ అక్కడే తగిలించాలి. లోతు గేజీ కుడి మణికట్టుకు. అంతే.

అక్కడిదాకా విన్నాను. మణికట్టుది మాత్రం డయల్ లోపలివైపు వచ్చేలా కట్టుకున్నాను. మా అమ్మ, పిన్నులు, లెక్కల టీచరు, అందరూ వాచీ అలాగే పెట్టుకునేవారు. నేనూ అంతే.

"బయటికి తిప్పు. నాకు కనబడాలి," అంది ఆవిడ.

"నా చేతికున్నది నాకు కనబడితే చాలదా?" అన్నాను. నోరు ఊరుకోదు కదా!

సరే, నీళ్ళలో తెలుస్తుందిలే అన్నట్టు చూసి ఊరుకుంది.

ఆ రోజు పైకి వస్తూ ఆరు మీటర్ల దగ్గర ఆగాం. లోతులో రక్తంలో చేరిన నైట్రోజన్ మెల్లగా పోయేదాకా ఆ లోతులోనే ఉండాలి, తొందరపడి పైకొస్తే ప్రాణం మీదికి వస్తుంది. పైనుంచి అడుగుదాకా కట్టిన తాడును కుడిచేత్తో పట్టుకున్నాను. డయల్ కాస్తా తాడువైపు తిరిగిపోయింది. చూడాలంటే తాడు వదలాలి, వదిలితే తేలిపోతాను. ఆరులోనే ఉండి ఉంటానులే అనుకున్నాను. మందపాటి గ్లవుజులో చెయ్యి పైకి జారుతున్నట్టు తెలియనే లేదు.

ఆవిడ ఎదురుగా వచ్చి, ఎంత లోతని సైగ చేసింది. నేను వేళ్ళు సున్నాలా కలిపి ఓకే చూపించాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని తిప్పి చూసింది. నాలుగు! గబుక్కున నన్ను కిందికి లాగింది. మిగిలిన నిమిషాలన్నీ నా చెయ్యి వదల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అలా పట్టుకునే ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

గట్టు మీద మాస్కు తీసీ తీయగానే మొదలుపెట్టింది.

"లోతెంత అని అడిగితే ఓకే అన్నావు. ఓకే అంటే ఎన్ని మీటర్లు?"

నేను గ్లవుజులు లాగి తీస్తూ కూర్చున్నాను.

"నిన్ను సముద్రంలోకి తీసుకెళ్ళలేను. నీకేమవుతోందో నాకు తెలియనివ్వవు. ప్రతి శనివారం, వారం ఎలా గడిచిందని అడుగుతాను. ఫైన్ అంటావు."

ఒళ్ళు మండింది. ఫైన్ అనక ఏమనాలిట? మా అక్క ఫోన్ చేసి "ఎలా ఉన్నావే?" అంటే, "సూపర్‌గా ఉన్నానే, సెటిల్ అయిపోయా" అంటాను. అక్క పెట్టేశాక టీవీ పెట్టుకుంటాను, ఇంట్లో ఏదో ఒక గొంతు వినబడాలని.

ఎవరి సిలిండర్లు వాళ్ళం బండిలోకి ఎక్కించుకున్నాం. ఆవిడ ఇంజిన్ స్టార్ట్ చేసి అద్దం దించింది.

"అంత దూరం డ్రైవ్ చేయగలవా? బాగానే ఉన్నావా?"

ఫైన్ అన్న మాట నోటిదాకా వచ్చింది.

"లేను," అన్నాను. "నా ఆదివారాలు ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోతున్నాయి. మీరు ఇంకొకళ్ళని వెతుక్కుంటే, శనివారం కూడా అంతే."

ఆవిడ ఇంజిన్ ఆపేసింది.