నల్లమ్మ ఎక్కిన మూడు చక్రాల బండి

ఆ రోజుల్లో నాకు దేవుడి మీదా, దయ్యాల మీదా సమానంగా నమ్మకం ఉండేది కాదు. వేంపల్లె బజారులో మాది ఇనుప సామాన్ల అంగడి. పారలు, గడ్డపారలు, బోరు మోటార్ల బేరింగులు అమ్ముకునేవాడికి కంటికి కనబడి, చేతికి బరువు తెలిసేదే నిజం. (అమావాస్య నాడు మాత్రం కొత్త సరుకు దించనిచ్చేవాణ్ణి కాదు. అది నమ్మకం కాదు, జాగ్రత్త.) ముప్ఫై నిండని వయసు, కొసలు పైకి తిప్పిన మీసం, లోకంలో నాకు తెలియని సంగతి లేదన్న ధీమా. అలాంటి నేను ఒక ఎండాకాలం సాయంత్రం కడప నుంచి వేంపల్లెకు బస్సులో ఒక రాయిని తోసుకొచ్చాను. ఇరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఆ దారిలో బస్సెక్కితే నాకు ఒళ్లు ఝల్లుమంటుంది, వెనకే నవ్వూ వస్తుంది.

సంగతేమిటంటే, కర్నూల్లో పుట్టింటికి పురిటికి వెళ్లిన నా భార్యకు ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఏడో నెల బిడ్డ నిలుస్తుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదని మా వైపు ఒక మాట ఉంది. ఆ మాట అనకూడదని అనుకుంటూనే చూడవచ్చిన ప్రతివాళ్లూ అనిపోయారు. బిడ్డను ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. ఒకసారి నర్సమ్మ దయతలచి చెయ్యి లోపలికి పెట్టనిచ్చింది. నా బొటనవేలంత పాదం. తాకితే చల్లగా ఉంది. ఆ చల్లదనం నా వేలి కొసను వదలలేదు. మా అత్త నా వాలకం చూసి, "మీరీడ కూచోని గోళ్లు కొరుక్కుంటాంటే బిడ్డ బరువు పెరుగుతాదా? పోయి అంగడి చూసుకోండి" అని బస్సెక్కించింది. అంతకుముందే ఆ ఆసుపత్రి వరండాలో ఎవరో కలిగినవాళ్లు తమ బిడ్డను తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని పోవడం చూశాను. అదీ గాజుపెట్టెలో ఉండి బయటపడిన బిడ్డేనట. నా బుర్ర ఎలా పనిచేసిందో గాని, ఆ బండే ఆ బిడ్డను బయటికి లాక్కొచ్చినట్టు తోచింది. ఇంటికి రాగానే అలాంటి బండి కొంటానని ప్రకటించాను.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, తమలపాకు ఈనె తీస్తున్నదల్లా ఆపింది. "బిడ్డ గడప తొక్కకముందే బండి కొంటావారా? గట్టిగా అనొద్దు. వినేటోళ్లు వింటాంటారు" అంది. ఎవరవ్వా అని అడిగితే పైకప్పు వైపు చూసింది. నేనూ చూశాను. ఏమీ లేదు, కానీ చూడకుండా ఉండాల్సింది. నేను పట్టు వదలకపోయేసరికి అవ్వ వంటింట్లోంచి నల్లమ్మను ఎత్తుకొచ్చింది. నల్లమ్మ అంటే సన్నికల్లు మీద పచ్చడి నూరే మా ఇంటి పొత్రం. అవ్వ కాపురానికి వచ్చేనాటికే అరిగి నున్నబడిన నల్లరాయి. మా ఇళ్లలో ఉయ్యాల వేడుకప్పుడు బిడ్డకన్నా ముందు పొత్రాన్నే గుడ్డలో చుట్టి ఉయ్యాలలో పడుకోబెడతారు. ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకు మంచిది కాదని. ఉయ్యాలకు ఉన్న చట్టం బండికి ఎందుకుండదు అన్నది అవ్వ వాదన. "బండి నల్లమ్మకే కొను. అంగట్లో నుంచి మన గడప దాకా దాంట్లో నల్లమ్మే కూచోవాల. ఎవురడిగినా మన బిడ్డ మాట ఎత్తొద్దు, ఇది రాయని గూడా చెప్పొద్దు. ఈ బండి బిడ్డ నల్లమ్మేనని వినేటోళ్లు దారిపొడుగునా నమ్మల్ల."

అని ఊరుకోలేదు. రాతికి పసుపు పూసి, బొట్టు పెట్టి, కాటుకతో రెండు కళ్లు గీసి, బుగ్గన దిష్టిచుక్క పెట్టి, నా బిడ్డ కోసం తనే దాచిన ఎర్ర ఊలు కుల్లాయి తొడిగి, తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చింది. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఎటు తిప్పినా ఆ కళ్లు నన్నే చూస్తున్నాయి.

కడపలో పిల్లల సైకిళ్లు, బండ్లు అమ్మే సాయిబు అంగడిలోకి నేను కొనేవాడిలా కాక తనిఖీ ఇంజనీరులా అడుగుపెట్టాను. చూపించిన బండినల్లా తలకిందులు చేసి ఇరుసులు నొక్కాను, చక్రాలు తిప్పి చెవి ఆనించి విన్నాను. (బేరింగు చప్పుడును బట్టి దాని ఆయుష్షు చెప్పగలనని నాకు పేరు. పేరు పెట్టుకున్నదీ నేనే.) నాలుగు చక్రాల బండ్లు ముచ్చటగా ఉన్నాయి గాని, ఆ బుల్లి ప్లాస్టిక్ చక్రాలు మా వీధి బండల సందుల్లో పడితే మళ్లీ లేవవు. అప్పుడు మూలన ఇంకొకటి కనబడింది. ముందు ఒకటి, వెనక రెండు, సైకిలుకు మల్లే గాలి కొట్టే చక్రాలు, పైన నల్లటి గొడుగు.

"అది మూడు చక్రాలదప్పా. ఎవురూ తీసుకోరు. మూడంటే జనాలకు ఒక మాదిరి," అన్నాడు సాయిబు.

"ముక్కాలిపీట యాడన్నా ఊగుతాదా భాయ్? ఊగేది నాలుగు కాళ్లదే," అన్నాను నా శాస్త్రమంతా వినియోగించి.

ఆయన నవ్వి, "అయితే కూచోబెట్టి చూడు. బిడ్డ యాడ?" అన్నాడు. నేను సంచిలోంచి నల్లమ్మను తీశాను. తువ్వాలు జారి కాటుక కళ్లు బయటపడ్డాయి. ఆయన ముఖంలో నవ్వు పోయింది. ఇక ఎగతాళి తప్పదనుకున్నాను. ఆయన మాత్రం దగ్గరికొచ్చి రాతిని సరిగ్గా ఆనించి, బెల్టు పెట్టి, "గట్టిగా కట్టుకోప్పా, బిడ్డ జారతాది" అన్నాడు మెల్లగా. "మేము ఇట్లాంటివేమీ చేయలేదు. చేసింటే బాగుండు" అని పక్కకు తిరిగి లెక్క రాసుకున్నాడు. బండి తోయగానే ముందు చక్రం కుయ్ మంది. ఖాళీగా తిప్పినప్పుడు ఆ చప్పుడు లేదు. నల్లమ్మ కూర్చుంటేనే వస్తోంది. ఇరుసుకు నూనె వేశాం, మర బిగించాం. అయినా కుయ్. చంటిపిల్ల నిద్రలో మూలిగినట్టు.

బస్సులో కండక్టరు బండిని నా కాళ్ల దగ్గర పెట్టుకోనిచ్చాడు. పక్క సీట్లో వక్కాకు నములుతూ ఒక పెద్దమ్మ కూర్చుంది. ఊరు దాటిందో లేదో మొదలుపెట్టింది.

"ఏమప్పా, బిడ్డను ఒక్కడివే పిల్చకపోతాండావు? తల్లి యాడ?"

"కర్నూల్లో ఉండాది."

"మరి పాలకెట్లా?"

"తాగదు."

"తాగదా! ఎప్పటినుంచి?"

"ఎప్పుడూ తాగలేదు, పెద్దమ్మా."

ఆమె నమలడం ఆపింది. "ఇంతసేపయింది, ఏడవలేదే?" అంటే, "ఏడవదు" అన్నాను. నిద్రపోతోందా అంటే, "ఎప్పుడూ అట్లనే ఉంటాది" అన్నాను. అవ్వ కట్టుబాటు తప్పలేదు, ఒక్క అబద్ధమూ ఆడలేదు. పేరడిగితే నల్లమ్మ అని కూడా చెప్పాను. బయట పొద్దు గుంకుతోంది. కొండల అంచున ఎర్రటి వెలుగు, కిటికీల్లోంచి వేడిగాలి, ఆ గాలికి బండి గొడుగు రెపరెపలాడుతోంది. పెద్దమ్మ వంగి, నేను ఆపేలోగా తువ్వాలు కింద చెయ్యి పెట్టింది.

"అయ్యో నాయనా," అంది గొంతు దించి. "బిడ్డ చల్లగుండాది గదప్పా. రాయి మాదిరి బిగుసకపోయుండాది."

రాయి కాబట్టి రాయి మాదిరి ఉంది. నవ్వాల్సిన మాట. కానీ ఆ 'చల్లగా' అన్న మాట తిన్నగా వెళ్లి నా వేలి కొసను తాకింది. గాజుపెట్టెలోని పాదం గుర్తొచ్చింది. ఈ క్షణాన కర్నూల్లో ఏం జరుగుతోందో! ఈమె చేత ఎవరు ఆ మాట అనిపించారు? అంతే, మీసం తిప్పిన మొగవాణ్ణి, బస్సులో అందరి ముందూ బావురుమన్నాను. ఇక వేరే సాక్ష్యం ఎవరికి కావాలి? పెద్దమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. గుసగుస ముందు సీట్ల దాకా పాకింది. డ్రైవరు పాటల క్యాసెట్టు ఆపేశాడు. వేంపల్లె దాకా గుంత వచ్చినప్పుడల్లా ముందు చక్రం కుయ్ మనేది, అప్పుడల్లా ఆడవాళ్లు కళ్లు ఒత్తుకునేవాళ్లు. ఎవరో ఒకామె తల్లో కనకాంబరాల మూర తీసి నల్లమ్మ కాళ్ల దగ్గర పెట్టింది. దిగేటప్పుడు నన్ను చెయ్యి వేయనివ్వలేదు. చక్రాలు మూడే, పట్టుకుని దించినవాళ్లు మాత్రం నలుగురు.

ఇల్లు చేరేదాకా ఆగలేక బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతులోంచి కర్నూలు అత్తగారింటికి ఫోను చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తరు. మళ్లీ చేశాను. ఎత్తరు. చీకటి పడే వేళ ఆ ఇంట్లో ఎవరూ లేకపోవడమనేది లేదు. బూతులోంచి బయటికొచ్చేసరికి కరెంటు పోయింది. వీధి మొత్తం నల్లగా, ఎక్కడో ఒక కిరసనాయిలు దీపం. నన్ను చూస్తే తోకాడించే మా వీధి కుక్కలు ఆ రోజు లేచి, పక్కకు జరిగి దారిచ్చాయి. కుయ్ కుయ్ మని తోసుకుంటూ పోతున్నాను. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. బండి తేలికైనట్టు అనిపించింది. తువ్వాలు తీసి చూస్తే సరిపోయేది, చెయ్యి రాలేదు. రాయి ఉంటుందని తెలుసు. ఒకవేళ రాయి కాకపోతే? "నల్లమ్మా, ఇంగ కొంచెం దూరమే, తల్లీ" అని పైకే అన్నాను. బేరింగుల ఆయుష్షు చెప్పేవాణ్ణి, పచ్చడి రాయిని బతిమాలుకున్నాను.

గడప ముందు అవ్వ దీపం పట్టుకుని, దిష్టి తీసే ఎర్రనీళ్లతో నిలబడి ఉంది. దీపం కిందికి దించి చూసి, "ఈ పూలెవురు పెట్టిరి?" అంది. జరిగిందంతా చెప్పాను. ఇక తిట్లు తప్పవనుకున్నాను.

"ఎంతమంది ఏడిసిరి?"

"బస్సంతా."

"నువ్వు?"

"నేను గూడా అవ్వా."

అవ్వ కళ్లు తుడుచుకుంది. "శానా మంచి పని చేసినావు నాయనా. ఏడవాల్సిన ఏడుపంతా దారిలోనే రాయి మీద ఏడిసేసినారు. పూలు పెట్టి పంపిచ్చేసినారు. ఇంగ మన ఇంట్లో ఏడుపు మిగల్లేదు." తర్వాత చక్రాల మీదికి చూపు పోయింది. "మూడేనా రా? ... సరేలే, నల్లమ్మతో నాలుగు."

లోపల ఫోను మోగింది. అవ్వే వెళ్లి ఎత్తింది. ఊఁ అంది, ఊఁ అంది, గోడ పట్టుకుని కింద కూలబడింది. రిసీవరు లాక్కుంటే ఆసుపత్రి ఫోను నుంచి మా అత్త గొంతు. "బిడ్డను బాక్సులోంచి తీసి తల్లి పక్కన పండుకోబెట్టినారు. అందరం ఈడనే ఉండాం. పాలు తాగింది, అల్లుడుగారూ!" ఎప్పుడని అడిగాను. "పొద్దు గుంకే పొద్దుకు," అంది.

బిడ్డకు ఐదో నెలలో తల్లీ బిడ్డా వేంపల్లె వచ్చారు. బిడ్డ ఎక్కిన తర్వాత ముందు చక్రం ఒక్కసారి కూడా కుయ్ మనలేదు. ఆ బండిలో నా కూతుర్ని కూర్చోబెట్టి బజారంతా మంత్రిగారి కారులా తిప్పాను. ఒకరోజు సంతలో ఎదురుగా వక్కాకు పెద్దమ్మ. బండిని చూసింది, అదే ఎర్ర కుల్లాయిని చూసింది. చేతిలో సంచి కింద పడింది. మెల్లగా వచ్చి, గొంతుక్కూర్చుని, ఆనాడు పెట్టినట్టే దుప్పటి కింద చెయ్యి పెట్టింది. నా కూతురు ఆ చేతిని ఒక్క తన్ను తన్నింది.

"వెచ్చగుండాదే!" అని ఏడుస్తూ నవ్వింది.

ఇక దాచి లాభం లేదని, "పెద్దమ్మా, ఆ పొద్దు నువ్వు తాకింది బిడ్డ కాదు. రాయి" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"రాయయితే నువ్వెందుకు ఏడిస్తివప్పా?"

ఇరవై ఏళ్లు గడిచాయి. అవ్వ పోయింది, మీసం తెల్లబడింది, ఆ బిడ్డ నా భుజం దాటి పెరిగి నా ఛాదస్తాన్ని చూసి నవ్వుతోంది. పచ్చడి మిక్సీలో అవుతున్నా నల్లమ్మ మాత్రం వంటింటి మూలే ఉంది. పొద్దున అంగడికి బయలుదేరే ముందు ఎవరూ చూడకుండా దాన్ని ఒకసారి తాకి చూస్తాను. (నమ్మకం కాదు, జాగ్రత్త.) చల్లగానే ఉంటుంది. హమ్మయ్య అనుకుని చెప్పులు తొడుక్కుంటాను.