మెంతుల పూత పూసిన గిటారు

మేడ్చల్‌లోని మా రేకుల ఇంటి నుంచి శామీర్‌పేట చర్చి వాకిలి దాకా తొమ్మిది మైళ్లు. ఎద్దుల బండిలో మూడున్నర గంటలు. పెళ్లి పది గంటలకు. గిటారుకు ఆరు తీగలు ఎక్కించి శ్రుతి చేయడానికి నాకు ఇరవై నిమిషాలు చాలు. ఐదున్నరకు బయలుదేరితే ఇంకా నలభై నిమిషాలు మిగలాలి.

యుద్ధం ఇంకా ముగియని ఆ వేసవిలో మా చెల్లె పెళ్లికి నేను ఒప్పుకున్న పని ఒక్కటే: ఆమె చర్చిలోకి నడిచి వస్తుంటే గిటారు వాయించడం. మగపెళ్లివారు తమ హార్మోనియం తెస్తామన్నారు. చెల్లె ఒప్పుకోలేదు.

"అన్న గిటారు మోగితెనే లోపటికొస్త. లేకుంటె వాకిట్లనే నిలవడ్త" అని నాయినతో చెప్పింది. ఆమె అన్నదంటే చేస్తుంది.

ఆ గిటారు వయసులో నాకంటే పెద్దది. సీమకు తిరిగి వెళ్లిన ఒక దొర దానిని నాయినకు ఇచ్చిపోయాడు. యుద్ధం వల్ల కొత్త తీగలు దొరకవు కనుక, వాయించిన ప్రతిసారీ ఉన్నవాటిని పొడిగుడ్డతో తుడిచి, బిరడాలను కొంచెం వదులు చేసి ఉంచేవాణ్ణి. రైల్వే సిగ్నళ్ల తీగలు బిగించడం నా ఉద్యోగం. బిగువు విషయంలో నాకు ఎవరూ చెప్పవలసిన పని లేదు.

పెళ్లి నాలుగు రోజులుందనగా, పడమటి గోడ వేడికి గిటారు ముఖపలక నాలుగున్నర అంగుళాలు పగిలింది. తీగలన్నీ విప్పి, పగులులో సరేసు జిగురు నింపి, కంబళిలో చుట్టి, పెళ్లిరోజు దాకా ఎవరూ విప్పరాదని ఆజ్ఞాపించి డ్యూటీకి వెళ్లాను. ఆ ఆజ్ఞను ఇంట్లో అందరికంటే నిష్ఠగా పాటించినవాణ్ణి నేనే. అప్పుడు అవ్వ పెరట్లో ఉంది. మెంతులు, పాత కాగితాలు నానబెట్టి రుబ్బి, పెళ్లి బియ్యం చెరిగే చాటలకు పూత వేస్తోంది. ఆమెకు ఆజ్ఞ వినిపించలేదు.

శామీర్‌పేట చెరువు కనబడగానే ఎడమ ఎద్దు మొరాయించింది. దానికి నీళ్లు తాపి, బతిమాలి, చర్చి చేరేసరికి పదికి పది నిమిషాలు తక్కువ. అరుగు మీద కంబళి విప్పాను. గిటారు నడుమ ఉండవలసిన గుండ్రటి రంధ్రం లేదు. దాని చోట పలకంత గట్టిగా, నున్నగా, అంచులు వేలితో ఒత్తి తీర్చిన పూత ఉంది. మెంతుల వాసన గుప్పుమంది.

అవ్వ బండి దిగి వచ్చి తన పనితనం చూసుకుంది.

"గంత పెద్ద బొక్క ఇడిచిపెట్టి, ఎంటికంత సన్న పగులుకు సరేసు వెట్టి పోయినవ్ బిడ్డా. పిల్ల పెండ్లికి బొక్కవడ్డది వట్కపోతరా? మూడు పూతలేసిన."

అది చేతనైనవాళ్లు చేసిన బొక్కేననీ, ధ్వని బయటికి వచ్చేది అందులోంచేననీ చెప్పాను. అవ్వ నావైపు జాలిగా చూసింది.

"ఇన్నేండ్లు బొక్కతోనే వాయించినవా? గందుకే గట్ల మోగింది."

తీగలు ఎక్కించి మీటాను. మూత పెట్టిన కుండలో నుంచి ఎవరో పిలిచినట్టుంది. లోపల హార్మోనియం వాయించే పెద్దమనిషి అప్పటికే తిత్తి విప్పాడు. చెల్లె వాకిట్లో నిలబడి నన్నే చూస్తోంది, అడుగు పడలేదు. నేను బండి ఇరుసు చీల ఊడబీకి, తీగలను పక్కకు నెట్టి పట్టి, పూత మీద ఒక్కటిచ్చాను. మూడో తీగ తెగింది. పూత ముక్కలై లోపల పడింది. బోర్లించి ఊపినా ఒక్క ముక్కా రాలేదు.

మిగిలిన ఐదు తీగలతోనే మొదలుపెట్టాను. చేయి ఆడినప్పుడల్లా ముక్కలు గిటారు కడుపులో గలగలలాడాయి. వెనుక బల్లల వాళ్లు అది నా ఏర్పాటే అనుకుని ఆ లయకు చప్పట్లు అందుకున్నారు. చెల్లె ముసుగులో నవ్వు ఆపుకోలేక, నాయిన చేయి పట్టుకుని లోపలికి నడిచింది. హార్మోనియం పెద్దమనిషి తిత్తి మూసేశాడు.

అవ్వ పక్కావిడతో చెప్పడం నాకు వినిపించింది: "ఇన్నవా? నా పూతే తాళమేస్తాంది."

ఆనాటి ఖర్చు: మెంతులు ఒక సోలెడు, పాత కాగితాలు ఒక దోసెడు, సరేసు ఒక ముక్క. నష్టం: మూడో తీగ, రంధ్రం అంచున ఒకటిన్నర అంగుళం మేర మెరుగు, చర్చి అరుగు మీదే ఉండిపోయిన బండి చీల, అది లేక తిరుగుదారిలో ఊడి గుంతలో పడి విరిగిన చక్రం ఒకటి. గిటారులోంచి తరువాత పట్టుకారుతో తీసిన పూత ముక్కలు పదకొండు. లోపలే ఉండిపోయింది ఒకటి.