రెప్పపాటులో లేచే ప్రోగ్రామ్

అమెరికాలోని క్యారీ ఊళ్లో ఒక మందుల పరిశోధన కంపెనీలో చక్రధర్ పనిచేసే తీరు చూసి తీరాల్సిందే. మీసం ఒకవైపే దువ్వుకుంటూ, కీబోర్డును వీణలా ఒళ్లో పెట్టుకుంటాడు. ఏ రోగికి అసలు మందివ్వాలో, ఏ రోగికి మందు లేని ఉత్తి మాత్ర ఇవ్వాలో చీట్లు తీసి చెప్పే ప్రోగ్రామ్ అతనిది. అది లేచేలోపు నార్త్ కరోలినాలో ఆకులు రాలి మళ్లీ చిగురించేవని అతని ప్రచారం. నిజానికి పదకొండు నిమిషాలు. ఒక శుక్రవారం దాన్ని లేపి, అది నడుస్తుండగానే దాని మెమరీ మొత్తాన్ని కొత్త ప్రోగ్రామ్ ఫైల్‌గా దింపేశాడు. నొక్కితే రెప్పపాటులో లేచింది. "అన్నం వండి డబ్బాలో పెట్టేశా. ఇక మూత తీసుకుని తినడమే," అని ఫ్లోరంతా చెప్పుకున్నాడు.

ఆరు వారాలకి పక్క సీటు దేదీప్య రెండు కాగితాలు తెచ్చి అతని ముందు పరిచింది. "చక్రధర్ గారూ, ఈ రెండు హాస్పిటల్స్ లిస్టులూ ఒకటే. చీట్లు కూడా ముందే వండిపెట్టారా ఏంటి?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. చీట్లు కలిపే లెక్క ఆ శుక్రవారం ఏ అంకె దగ్గరుందో, ఆ అంకె కూడా మెమరీతోపాటే ఫైల్‌లోకి దిగిపోయింది. ఎన్నిసార్లు లేపినా అవే చీట్లు, అదే వరస. ఆ ప్రోగ్రామ్ వాడే పదిహేడు హాస్పిటల్స్‌లోనూ మొదట వచ్చిన మనిషికి ఉత్తి మాత్రే.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదండి. ఈ నెలే కదా మీ హెచ్1 వీసా రెన్యువల్."

మీసం మీది చెయ్యి దించి, ఆ కాగితాలు పట్టుకుని మేనేజర్ గదిలోకి నడిచాడు. వాటిని బల్లమీద పరిచి, "పదిహేడు హాస్పిటల్స్ చీట్లూ నేనే ముందే వండిపెట్టేశానండి," అన్నాడు.